రాళ్ళేరిన పంతులు – స్టీఫెన్ హిస్లాప్

ఈసారి గోడపత్రికకు, చనిపోయి చాలా కాలమైన ఒక ప్రముఖుని జీవితం రాసుకురమ్మని మా తెలుగు మేడమ్ చెప్పారు. మా క్లాసులో వీరేశలింగం గారిని ఇద్దరు తీసుకున్నారు, రుద్రమదేవిని ముగ్గురు తీసుకున్నారు. నేను స్టీఫెన్ హిస్లాప్ అనే పేరు చెప్పగానే అందరూ నా మొహం చూశారు. ఆయన తెలుగువాడు కాదు, రచయిత కాదు, రాజు అంతకన్నా కాదు. స్కాట్లండ్ నుంచి నాగపూర్‌కు వచ్చి బడి పెట్టిన పంతులు. కానీ మా ఊరి వైపు ఆయన పేరు తెలియని చదువుకున్న ఇల్లు ఉండదు. నాగపూర్‌లో హిస్లాప్ కాలేజీ అంటే ఆటోవాళ్ళు అడ్రసు అడగరు. అయితే ఆ పేరున్న మనిషి ఏం చేశాడో మాత్రం చాలామందికి తెలియదు. నాకూ మొన్నటిదాకా తెలియదు. తెలిసిన తరువాత నాలో నాకే ఒక తప్పు కనబడింది. అందుకే రాస్తున్నాను.

ముందు మా ఊరి సంగతి చెప్పాలి. మాది మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లా భద్రావతి. పాత పేరు భాందక్. రైల్వే స్టేషన్‌కు ఇప్పటికీ ఆ పేరే. ఊరి పక్కన విజాసన్ గుట్టలో బౌద్ధుల గుహలు, ఊళ్ళో పార్శ్వనాథుని జైన మందిరం, భద్రనాగుని గుడి ఉన్నాయి. చుట్టూ బొగ్గుబాయిలు. మా తాత బొగ్గుబాయి పని కోసమే కరీంనగర్ వైపు నుంచి ఇక్కడికి వచ్చాడు. మా బాపు కూడా అదే పని. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే మరాఠీ, బజారులో హిందీ. ఇట్లాంటి ఇళ్ళు మా వైపు చాలా ఉన్నాయి.

నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు బాపు డ్యూటీ నుంచి వస్తూ ఒక రాయి తెచ్చాడు. బొగ్గు మీద ఉండే బూడిద రంగు పలకరాయి అది. దాని మీద ఆకు అచ్చు ఉంది. నాలుక లాగా పొడుగ్గా ఉంది, మధ్యలో ఈనె, దాని నుంచి రెండు పక్కలకూ వల అల్లినట్టు సన్నటి ఈనెలు. ఎవరో గోరింటాకు పెట్టినంత శుభ్రంగా ఉంది. మా అమ్మమ్మ దాన్ని చూసి, రాతికి కూడా ఆకు పుడుతుందా అని చాలాసేపు దాన్ని చేతితో తడిమింది. కొన్ని రోజులు దేవుడి గూటిలో పెట్టుకుంది. ఆ తరువాత అది వంటింట్లో రోలు పక్కకు చేరింది. క్వార్టర్ మారినప్పుడు పాత సామానుతో పాటు అదీ పోయింది. అది ఏ గనిలోది, ఎంత లోతులోది అని మేము బాపును ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడిగితే ఆయనకు గుర్తు లేదు.

ఇంటర్ అయిన తరువాత సెలవుల్లో మా మేనమామ నన్ను నాగపూర్ మ్యూజియానికి తీసుకెళ్ళాడు. అక్కడివాళ్ళు దాన్ని అజబ్ బంగ్లా అంటారు. 1863లో మొదలైంది. తిరిగి వచ్చేటప్పుడు హిస్లాప్ కాలేజీ మీదుగా వచ్చాం. ఈ హిస్లాప్ ఎవరు మామా అంటే, పాదిరి, కాలేజీ పెట్టినాయన, రాళ్ళు కూడా ఏరేవాడట అన్నాడు. ఆ ఒక్క మాట నా మనసులో ఉండిపోయింది. పాదిరికి రాళ్ళతో ఏం పని? ఆ ప్రశ్న పట్టుకుని చదివితే ఈ కథ దొరికింది.

హిస్లాప్ 1817 సెప్టెంబరు 8న స్కాట్లండ్‌లోని డన్స్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. తండ్రి తాపీ మేస్త్రీ, అంటే రాళ్ళతో బతికిన ఇల్లే. ఇంకో విశేషం ఏమిటంటే, భూమి వయసు వేలల్లో కాదు, మనం ఊహించలేనంత ఎక్కువ అని మొదట గట్టిగా చెప్పిన జేమ్స్ హటన్‌కు వ్యవసాయ భూమి ఉన్నది ఆ డన్స్ దగ్గరలోనే. హిస్లాప్ పుట్టేనాటికి హటన్ పోయి ఇరవై ఏళ్ళయింది. హిస్లాప్ ఎడిన్‌బరో, గ్లాస్గో విశ్వవిద్యాలయాల్లో చదివి, మత ప్రచారకుడిగా ఇండియా రావడానికి ఒప్పుకున్నాడు. 1844లో పెళ్ళి చేసుకుని, ఆ ఏడాది చివరనే భార్యతో ఓడ ఎక్కి, 1845 మొదట్లో నాగపూర్ చేరాడు.

అప్పటికి నాగపూర్ ఇంకా భోంస్లే రాజులదే. పక్కన కాంప్టీలో ఇంగ్లీషువాళ్ళ దండు ఉండేది. ఆ దండు మద్రాసు సైన్యానిది. సిపాయిల వెంట తమిళులు, తెలుగువాళ్ళు వచ్చి అక్కడ కాపురాలు పెట్టారు. అంటే హిస్లాప్ వచ్చే నాటికే ఆ గాలిలో మన మాట వినబడుతూ ఉంది. ఆయన మరాఠీ నేర్చుకున్నాడు. 1846లో నాగపూర్‌లో బడి తెరిచాడు. ఆ బడే పెరిగి పెరిగి, ఆయన పోయిన ఇరవై ఏళ్ళకు, 1883లో ఆయన పేరుతో కాలేజీ అయింది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆయన వచ్చింది మన మతాలు మార్చడానికి. అందువల్ల నాగపూర్‌లో గొడవలు కూడా జరిగాయి. ఆ పని మనకు నచ్చకపోవచ్చు. నాకూ అన్నీ నచ్చలేదు. ఒక మనిషి జీవితం రాసేటప్పుడు నచ్చినవి మాత్రమే ఏరుకుంటే అది పొగడ్త అవుతుంది కానీ జీవితం కాదు అని మేడమ్ చెబుతుంటారు. అందుకని ఇది కూడా రాశాను. ఇక నాకు నచ్చిన సంగతికి వస్తాను.

ఆయన ఉద్యోగం బడి. పొద్దున పాఠాలు, సాయంత్రం ప్రచారం, ఎండలు తగ్గి చలి పడితే ఊళ్ళమీద పర్యటనలు. రాళ్ళు చూడడం జీతం వచ్చే పని కాదు. దారిలో చేసే పని. 1847లో రాబర్ట్ హంటర్ అనే తోటి పాదిరి వచ్చి చేరాడు. ఆయనకూ ఇదే పిచ్చి. 1851లో వీళ్ళిద్దరూ నాగపూర్ శివారులోని టాక్లి దగ్గర నల్లరాతి పొరల మధ్య ఒక పలుచటి పొరను గమనించారు. అందులో మంచినీటి నత్త గుల్ల కనబడింది.

దీని గొప్పతనం అర్థం కావాలంటే మన దక్కన్ నల్లరాయి గురించి కొంచెం తెలియాలి. చాలా కోట్ల ఏళ్ళ కింద భూమి పగిలి లావా పొంగింది. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ పొంగింది. ఒక పొర చల్లారి గట్టిపడేది. దాని మీద వాన కురిసి చెరువులు నిండేవి. చెరువు చుట్టూ చెట్లు మొలిచేవి, నత్తలు, పురుగులు చేరేవి. అంతలో మళ్ళీ లావా వచ్చి చెరువును కప్పేసేది. దోసె మీద దోసె వేసినట్టు పొరలు. రెండు దోసెల నడుమ కొంచెం చట్నీ ఉండిపోయినట్టు ఆ చెరువు బురద మిగిలిపోయింది. ఆ బురదలోనే హిస్లాప్, హంటర్లకు పండ్లు, గింజలు, ఆకులు, చెక్క ముక్కలు, పురుగుల రెక్కలు, గుల్లలు దొరికాయి. అన్నీ రాళ్ళయిపోయినవే. వాటిమీద వాళ్ళిద్దరూ రాసిన వ్యాసం 1855లో లండన్ జియలాజికల్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఆరోగ్యం చెడి హంటర్ ఆ ఏడాదే తన దేశం వెళ్ళిపోయాడు. తరువాత హిస్లాప్ ఒక్కడే ఆ పని సాగించాడు.

ఇప్పుడు మ్యూజియం సంగతి. మ్యూజియం శాస్త్రజ్ఞులు అంటే అద్దాల బీరువాలకు తాళాలు వేసి కూర్చునేవాళ్ళనే నేను అనుకునేదాన్ని. కాదు. ప్రపంచంలో ఎక్కడెక్కడినుంచో వచ్చిన రాళ్ళు, ఎముకలు, ఆకులు వాళ్ళ బల్లమీదికి వస్తాయి. వాటి చుట్టూ అంటుకున్న రాయిని సూదుల్లాంటి పనిముట్లతో గీకి తీస్తారు. ఇదివరకు తెలిసిన వాటితో పక్కపక్కన పెట్టి పోలుస్తారు. కొత్తది అయితే పేరు పెడతారు, బొమ్మ గీస్తారు, అచ్చు వేస్తారు. ఆ తరువాత ఆ రాయిని నంబరు వేసి దాస్తారు. వంద ఏళ్ళ తరువాత ఎవరికైనా అనుమానం వస్తే అదే రాయిని మళ్ళీ తీసి చూడాలి కదా. అందుకు. ఇందులో అన్నిటికంటే ముఖ్యమైనది రాయి పక్కన ఉండే చిన్న చీటీ. ఎక్కడ దొరికింది, ఏ పొరలో దొరికింది, ఎవరు తెచ్చారు. ఆ చీటీ లేకపోతే ఎంత గొప్ప ఎముక అయినా సగం మూగదే.

హిస్లాప్ కాలంలో నాగపూర్‌కు రైలు లేదు. రాళ్ళను జాగ్రత్తగా కట్టి, ఎడ్లబండ్ల మీద బొంబాయి పంపాలి. అక్కడినుంచి ఓడ. నెలల తరబడి ప్రయాణం. అక్కడ ఒక్కొక్కటి ఒక్కొక్క నిపుణుడి చేతికి వెళ్ళేది. ఆకుల అచ్చులను చార్లెస్ బన్‌బరీ చూశాడు. పురుగుల రెక్కలను ఆండ్రూ మరీ చూశాడు. రెండు పెంకుల మధ్య బతికే చిన్న నీటి జీవులను రూపర్ట్ జోన్స్ చూశాడు. గుల్లలను మాత్రం హిస్లాప్ తానే పోల్చి, పేర్లు పెట్టి 1860లో అచ్చు వేశాడు. ఆయన పంపిన ఒక ఆకుపచ్చటి ఖనిజానికి 1859లో హిస్లోపైట్ అని పేరు పెట్టారు. నాగపూర్ నీళ్ళలో దొరికిన ఒక చిన్న జీవికి బొంబాయిలోని డాక్టర్ కార్టర్ హిస్లోపియా అని పేరు పెట్టాడు.

వాటిలో అన్నిటికంటే పేరు మోసినది ఒక పుర్రె. నాగపూర్‌కు దక్షిణాన మంగళి అనే ఊరి దగ్గర ఎర్రటి ఇసుకరాతిలో దొరికింది. అది లండన్‌లో రిచర్డ్ ఓవెన్ దగ్గరికి చేరింది. డైనోసార్ జాతికి ఆ పేరు పెట్టింది ఈ ఓవెనే. లండన్‌లో నేచురల్ హిస్టరీ మ్యూజియం వేరే భవనంలో 1881లో తెరుచుకోవడానికి వెనుక ఉన్నదీ ఆయనే. ఓవెన్ ఆ పుర్రెను పరిశీలించి 1855లో బ్రాకియోప్స్ లాటిసెప్స్ అని పేరు పెట్టాడు. అంటే పొట్టి ముఖం, వెడల్పు తల అని. కప్పల వలె నీళ్ళలో, నేలమీద బతికే పెద్ద జంతువు అది. దాని కాలం దాదాపు 25 కోట్ల ఏళ్ళ కిందటిది. ఇప్పుడు ఆ పుర్రె లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉంది. అదే చోట దొరికిన చిన్న జీవికి రూపర్ట్ జోన్స్ ఎస్తేరియా మంగళియెన్సిస్ అని పేరు పెట్టాడు. పల్లెటూరు మంగళి పేరు అట్లా లాటిన్‌లోకి ఎక్కింది.

మన తెలుగు నేల సంగతి కూడా ఇందులో ఉంది. ఒకప్పటి ఆదిలాబాద్ జిల్లాలోని మాలేరి దగ్గర హిస్లాప్ సేకరణకు కొన్ని వింత పళ్ళు దొరికాయి. కోడిజుట్టు లాగా గాట్లు గాట్లుగా ఉండే పళ్ళు. అవి సెరటోడస్ అనే చేపవి. భారత భూగర్భ సర్వేకు పెద్ద అయిన థామస్ ఓల్డ్‌హామ్ 1859లో వాటిని వివరించి, ఒకదానికి హిస్లాప్ పేరు, ఇంకోదానికి హంటర్ పేరు పెట్టాడు. ఆ చేప ఎప్పుడో అంతరించిందనే అప్పుడు అందరి నమ్మకం. 1870లో సిడ్నీ మ్యూజియంలో పని చేసే గెరార్డ్ క్రెఫ్ట్ దగ్గరికి ఆస్ట్రేలియా నదిలో పట్టిన ఒక చేప వచ్చింది. నోరు తెరిచి చూస్తే అదే రకం పళ్ళు. ఊపిరితిత్తితో కూడా గాలి పీల్చగలిగే చేప అది. మన మాలేరి రాళ్ళలో పళ్ళు మాత్రమే మిగిల్చిన జాతికి దగ్గరి చుట్టం అక్కడ బతికే ఉంది. ఈ వార్త వినడానికి హిస్లాప్ లేడు.

ఇంకో చోటు పిస్‌దురా. ఇది మా చంద్రపూర్ జిల్లాలోనే, వరోరా తాలూకాలో ఉంది. మా భద్రావతి వాళ్ళం వరోరాకు సంతకు పోయినట్టే పోతాం. పిస్‌దురా చేలల్లో హిస్లాప్‌కు గుల్లలు, పెద్ద పెద్ద ఎముకలు దొరికాయి. ఆ ఎముకలు డైనోసార్లవని తరువాతివాళ్ళు తేల్చారు. అక్కడ ఎముకలతో పాటు రాయిగా మారిన పేడ ముద్దలు కూడా దొరుకుతాయి. ఈ పేడ సంగతి గుర్తు పెట్టుకోండి, చివర మళ్ళీ చెబుతాను.

హిస్లాప్ చెప్పినవన్నీ నిజం కాలేదు. టాక్లి పొరల వయసును ఆయన తప్పుగా అంచనా వేశాడు. డైనోసార్లు పోయిన తరువాతి కాలానివి అనుకున్నాడు. ఇప్పుడు అవి డైనోసార్ల ఆఖరి రోజులకు చెందినవనీ, ఆ హద్దుకు అటూ ఇటూ ఉన్నవనీ తేలింది. కానీ చూడండి, ఆయన లెక్క తప్పు అని తేల్చగలిగింది కూడా ఆయన చోటు సరిగ్గా రాసి పెట్టినందువల్లే. ఆలోచన తప్పయితే తరువాత వచ్చినవాళ్ళు దిద్దుతారు. చోటు రాయకపోతే దిద్దడానికి ఏమీ మిగలదు.

మన తెలుగు శాఖ వాళ్ళకు ఇంకో ముఖ్యమైన సంగతి. హిస్లాప్ రాళ్ళతో ఆగలేదు. నాగపూర్ చుట్టుపక్కల గోండుల ఊళ్ళలో తిరుగుతూ వాళ్ళ ఆచారాలు, మాటలు రాసుకున్నాడు. గోండి మన తెలుగుకు సోదర భాష అని మనకు భాషాశాస్త్రం పాఠంలో ఉంది కదా. ఆ రోజుల్లో ఆ భాషకు లిపి ఉందని ఎవరూ అనుకునేవారు కాదు. ఆయన గోండి మాటలను పక్క భాషల మాటలతో కలిపి పట్టికలు వేశాడు. గోండుల దేవతల పుట్టుక, లింగో అనే వీరుడు వాళ్ళను కాపాడిన కథ, వాళ్ళ ప్రధాన్లు పాడే పాటలుగా ఉండేది. దాన్ని వాళ్ళ నోటి నుంచి గోండిలోనే రాయించి, కింద అర్థం రాశాడు. రాతిలో ఆకును చూసినట్టే పాటలో పాత కాలాన్ని చూశాడన్నమాట. పాడినవాళ్ళ పేర్లు మాత్రం ఆయన పేరంత పైకి రాలేదు. అది నాకు బాధగానే అనిపించింది.

1863 వానాకాలం. అప్పటికి నాగపూర్ సెంట్రల్ ప్రావిన్సెస్ అనే కొత్త రాష్ట్రానికి రాజధాని. దాని చీఫ్ కమిషనర్ రిచర్డ్ టెంపుల్ కూడా పాత సంగతులంటే ఇష్టపడేవాడు. నాగపూర్‌కు దక్షిణాన బోరి దగ్గర టాకల్‌ఘాట్ అనే ఊళ్ళో పెద్ద పెద్ద రాళ్ళు గుండ్రంగా పాతిపెట్టి ఉంటాయి. వేల ఏళ్ళ కిందటివాళ్ళ సమాధులు అవి. మన తెలంగాణ పల్లెల్లో రాకాసి గుళ్ళు అంటాం, అట్లాంటివే. సెప్టెంబరు 4న హిస్లాప్, టెంపుల్ వాటిని చూడడానికి వెళ్ళారు. పని అయిన తరువాత టెంపుల్ ముందుగా బోరి విడిదికి వెళ్ళిపోయాడు. హిస్లాప్ ఆ ఊళ్ళో బడి చూసి వస్తానని ఆగాడు. రాళ్ళు చూడడం అయింది కదా అని వెళ్ళిపోలేదు. బడిపంతులు కాబట్టి బడి చూడకుండా రాలేదు. తరువాత చీకట్లో గుర్రం మీద ఒక్కడే బయలుదేరాడు. దారిలో వాగు పొంగింది. పొద్దున దాటిన వాగే, సాయంత్రానికి వేరే అయిపోయింది. విడిదికి గుర్రం ఒక్కటే వచ్చింది. వెతికితే నీళ్ళలో ఆయన శవం దొరికింది. ఇంకో నాలుగు రోజులు ఉంటే నలభై ఆరు నిండేవి.

మా వైపు వాగులు నాకు తెలుసు. ఎండాకాలం చెప్పులు తడవకుండా దాటేది, వానాకాలంలో ఎడ్లను, బండిని కూడా తీసుకుపోతుంది. అందుకే ఈ భాగం చదివినప్పుడు ఆయన నాకు ఎక్కడి నుంచో వచ్చిన తెల్లదొర అనిపించలేదు. మా నీళ్ళలో పోయిన మనిషి అనిపించింది.

ఆయన పోయాక కథ ఆగిపోవాలి. ఆగలేదు. మన ప్రాంతపు రాళ్ళలో దొరికిన పళ్ళు, ఎముకల గురించి ఆయన రాసిన ఉత్తరాలను 1864లో లండన్ సొసైటీ అచ్చు వేసింది. గోండుల గురించి ఆయన రాసుకున్న కాగితాలను టెంపుల్ పోగు చేసి, సరిచూసి 1866లో పుస్తకంగా తెచ్చాడు. లేకపోతే లింగో పాట ఆ రూపంలో మనకు మిగిలేది కాదు. అవి సగం పనులే. కానీ సగం పని కూడా చీటీ రాసి పెడితే ఇంకొకరు అందుకోవచ్చు.

ఇప్పుడు పిస్‌దురా పేడ దగ్గరికి వస్తాను. గడ్డి మొక్కల్లో కంటికి కనబడని సన్నటి ఇసుక లాంటి రేణువులు ఉంటాయి. వరికోతల్లో ఆకు తగిలి చేతులు చీరుకుపోవడానికి కారణం అవే. మొక్క కుళ్ళిపోయినా అవి పోవు. ఒక్కో జాతి గడ్డిలో వాటి ఆకారం ఒక్కో రకం. లక్నోలోని బీర్బల్ సాహ్నీ సంస్థలో పనిచేసే వందనా ప్రసాద్, స్టాక్‌హోమ్‌లోని స్వీడన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉన్న కరోలిన్ స్ట్రోంబెర్గ్, వాళ్ళతో పాటు హబీబ్ అలీమొహమ్మదియాన్, అశోక్ సాహ్నీ కలిసి పిస్‌దురా పేడ రాళ్ళను మైక్రోస్కోపు కింద పరిశీలించారు. అందులో గడ్డి రేణువులు దొరికాయి. ఒకటి కాదు, కనీసం అయిదు రకాలు. వరి వంశానికీ వెదురు వంశానికీ దగ్గరివి కూడా వాటిలో ఉన్నాయి. డైనోసార్ల కాలంలో అంత రకరకాల గడ్డి లేదనే అప్పటిదాకా శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఆ అభిప్రాయం 2005లో మారింది. మార్చింది మా పక్క తాలూకా పేడ. మనం రోజూ తినే అన్నానికి పూర్వీకుల జాడ అందులో ఉంది.

హిస్లాప్ పిస్‌దురా చేలల్లో రాళ్ళేరిన కాలానికీ ఈ వ్యాసానికీ మధ్య దాదాపు 145 ఏళ్ళు. ఆయన బడి తెరిచిన రోజుల్లో ఆడపిల్లలను బడికి పంపే ఇల్లు వెతికినా దొరికేది కాదు. ఆయన పట్టిన దారపు కొసను ఇంత కాలానికి ఇద్దరు ఆడవాళ్ళు అందుకున్నారు. ఈ ముక్క చదివిన రోజు నేను హాస్టల్లో పక్కమంచం పిల్లను నిద్ర లేపి మరీ చెప్పాను.

హైదరాబాద్ వెళ్ళేవాళ్ళు బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటాసారస్ అస్థిపంజరం చూడండి. దాని పూర్తి పేరు కోటాసారస్ యామనపల్లియెన్సిస్. 1988లో యాదగిరి గారు పెట్టిన పేరు. ప్రాణహిత ఒడ్డున సిరొంచ దగ్గరి కోటా, ఆదిలాబాద్ వైపు యామనపల్లి, రెండు ఊళ్ళూ ఆ పేరులో ఉన్నాయి. మట్టి తవ్వి, ఎముకలు మోసిన కూలీల పేర్లు అందులో లేవు. కానీ ఊరి పేరు ఉందంటే వాళ్ళ జాడ కొంచెమైనా ఉన్నట్టే అని నాకు నేను సర్దిచెప్పుకుంటాను.

చివరగా నా తప్పు. వంటింట్లో పోయిన ఆ ఆకు రాయి గ్లాసాప్టెరిస్ అనే చెట్టుదని ఇప్పుడు బొమ్మలు చూసి గుర్తు పట్టగలను. హిస్లాప్ బన్‌బరీకి పంపిన ఆకుల్లో ఉన్నది అదే. దక్షిణ ధ్రువానికి పోయి తిరిగి రాలేక 1912లో మంచులో చనిపోయిన కెప్టెన్ స్కాట్ బృందం చివరిదాకా వదలకుండా మోసిన రాళ్ళలో ఉన్నదీ అదే. మా ఊరూ ఆ మంచు నేలా ఒకప్పుడు ఒకే ఖండం అని చెప్పే సాక్ష్యాల్లో ఆ ఆకు ఒకటి. ఆ ఖండానికి గోండ్వానా అని పేరు, మన గోండుల పేరు మీదే. అంతటి సాక్ష్యం మా రోలు పక్కన పడి ఉంటే మేము చీటీ కూడా రాయలేదు.

రాయి పోతే పోయింది, గనిలో ఇంకోటి దొరుకుతుంది. కానీ పోయిన ఏడాది మా అమ్మమ్మ పోయింది. ఆమెకు నాట్ల పాటలు, బతుకమ్మ పాటలు, కరీంనగర్ నుంచి భద్రావతికి వచ్చిన దారి గురించి ఆమే అల్లుకున్న పాట ఒకటి, చాలా వచ్చు. నేను తెలుగు బి.ఏ. చదువుతూ కూడా ఒక్కటీ పూర్తిగా రాసుకోలేదు. సెలవుల్లో రాద్దాంలే అనుకున్నాను. ఇప్పుడు అమ్మకు గుర్తున్న ముక్కలు అడిగి నోటుబుక్కులో రాస్తున్నాను. ప్రతి పాట కింద పాడినవారి పేరు, ఊరు, తేదీ రాస్తున్నాను. అమ్మ నవ్వుతుంది, నా పేరెందుకే అని. ఉండాలి అంటున్నాను.

అందుకని అక్కలకూ చెల్లెళ్ళకూ ఒక్కటే అడుగుతున్నాను. ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు మీ ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర ఒక పాటో, సామెతో, పంట పేరో, పనిముట్టు పేరో అడిగి రాసుకురండి. కింద చీటీ మాత్రం మరిచిపోకండి. చెప్పింది ఎవరు, ఏ ఊరు, ఏ రోజు. మేడమ్ ఒప్పుకున్నారు, వచ్చే నెల గోడపత్రికలో వాటికి ఒక మూల వదిలిపెడతాం.